తోటలో పెట్టిన తేమ సెన్సార్ కిట్: సెన్సార్‌కి నాలుగు స్టార్లు, యాప్‌లో కనిపించే "ఆఫ్‌లైన్" అనే ముక్కకి సున్నా

కంపెనీ పేరు రాయట్లేదు, వారంటీ విషయం ఇంకా వాళ్ళతో నడుస్తూనే ఉంది, పైగా ఇదే డబ్బాని వేరే వేరే స్టిక్కర్లు అంటించి చాలామంది అమ్ముతున్నారు కాబట్టి పేరుకంటే లోపల ఏముందో తెలిస్తేనే మీకు ఎక్కువ పనికొస్తుంది. కిట్‌లో నాలుగు తేమ సెన్సార్ నోడ్లు (తోటలో పాతి తేమ కొలిచి రేడియోలో పంపే డబ్బాలు), ఒక గేట్‌వే (ఆ నోడ్ల మాట విని నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కి చేర్చే డబ్బా), దానికో యాంటెన్నా, ఫోన్లో యాప్. అనంతపురం జిల్లాలో మా చీనీ తోటకి కొన్నాం, మీ వైపు బత్తాయి అంటారేమో అదే. తోట చూసుకునేది నాన్న, యాప్ చూసేది బెంగళూరులో కూర్చుని నేను.

ముందు మంచి చెప్పేస్తా. సెన్సార్ నిజంగా బాగుంది. ఒకటి జానెడు లోతులో, ఇంకోటి రెండడుగుల లోతులో తేమ చెప్తుంది, మాది ఎర్రనేల, పైన చూస్తే దుమ్ము లేస్తుంటుంది కానీ కింద వేర్ల దగ్గర ఇంకా తడి ఉంటుంది, ఆ సంగతి ఇన్నాళ్ళూ పార పెట్టి తవ్వితే గానీ తెలిసేది కాదు. చీనీకి నీళ్ళు ఎక్కువైనా తంటానే, వేరు కుళ్ళు పట్టుకుంటే చెట్టుకి చెట్టు పోతుంది, పూతకి ముందు నీళ్ళు ఆపి బెట్టకి వదిలే టైంలో ఐతే ఎంత ఎండనివ్వాలి అనేది ఇంకా పెద్ద లెక్క. ఆ టైంలో గ్రాఫ్ చూసి డ్రిప్పు ఎప్పుడు వదలాలో చెప్పగలిగాను, నాన్న కూడా ఒప్పుకున్నాడు, ఆయన ఒప్పుకోవడం అంటే మామూలు విషయం కాదు. డబ్బా గట్టిగా ఉంది, వాన తడిసినా ఏం కాలేదు, ఒక్క కేబుల్ మాత్రం ఉడతలు కొరికాయి, దానికి పైన డ్రిప్పు పైపు ముక్క తొడిగాం, అది కంపెనీ తప్పేం కాదు.

ఇక అసలు గోల. నోడ్ గేట్‌వేకి అందకపోతే యాప్‌లో ఎర్ర చుక్క వచ్చి "ఆఫ్‌లైన్" అని పడుతుంది. అంతే. ఎందుకు ఆఫ్‌లైనో, ఎప్పుడు చివరిసారి మాట్లాడిందో, సిగ్నల్ ఎంత ఉండేదో ఒక్క ముక్క లేదు. ఒంట్లో బాలేదు అని మాత్రమే చెప్పి పడుకున్న మనిషికి ఏ మందు ఇస్తాం మనం? నాన్న ఫోన్ చేసి "ఏంరా, నీ డబ్బా మళ్ళా పండుకునింది, నీళ్ళు ఇడ్సాల్నా వద్దా చెప్పు" అంటే నా దగ్గర జవాబు లేదు. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే మాట, "సార్, ఒకసారి బ్యాటరీ తీసి పెట్టండి సార్". ఈ సలహా ఎంత ప్రమాదమో కింద చెప్తా.

ఈ కిట్‌లో వాడేది లోరా రేడియో, సెమ్‌టెక్ అనే అమెరికా కంపెనీ 2012లో ఫ్రాన్స్‌లోని సైక్లియో అనే చిన్న కంపెనీని కొని తెచ్చుకున్న టెక్నిక్ అది. చాలా తక్కువ కరెంటుతో కిలోమీటర్ల దూరం పోతుంది, కాకపోతే చాలా నిదానంగా. మన దేశంలో దీనికి లైసెన్స్ అక్కర్లేకుండా 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు 2005లోనే వదిలారు, 2021లో దాన్ని 868 దాకా పెంచారు. ఈ నంబర్లు గుర్తుపెట్టుకోండి, వీటి వల్లే ఒక నోడ్‌తో మాకు చుక్కలు కనిపించాయి.

మీ ఇంట్లో కూడా ఎర్ర చుక్క వస్తే మొదట చూడాల్సింది ఒక్కటే, పడుకున్నది ఒక్క నోడా, అన్నీనా. అన్నీ ఒకేసారి పోతే నోడ్లని ముట్టుకోకండి, అది గేట్‌వే గోల. మా దగ్గర అన్నీ ఒకేసారి పోయాయి ఒకసారి, సపోర్ట్ వాళ్ళు యథావిధిగా ఒక్కో నోడ్ బ్యాటరీ తీసి పెట్టమన్నారు, నాన్న ఎండలో తోటంతా తిరిగి స్క్రూలు విప్పాడు, తీరా చూస్తే గేట్‌వేలో కంపెనీ వాళ్ళే వేసి పంపిన సిమ్ రీఛార్జ్ గడువు అయిపోయింది. వాళ్ళ సిమ్, వాళ్ళ పేరు మీద, వాళ్ళే రీఛార్జ్ చెయ్యాలి, ఆ సంగతి వాళ్ళ సపోర్ట్ కుర్రాడికే తెలీదు. గేట్‌వే మీద మూడు లైట్లు ఉంటాయి, కరెంటుది, నెట్టుది, రేడియోది, నెట్టుది వెలగకపోతే తోటలో చేసేదేం లేదు అని ఒక్క వాక్యం మాన్యువల్లో రాసి ఉంటే అయిపోయేది.

గేట్‌వే ఎక్కడ పెట్టాలి అనే దగ్గర కూడా వాళ్ళ మాట వినకండి. బిగించడానికి వచ్చినాయన బోరు స్టార్టర్ డబ్బా పక్కనే పెడతానన్నాడు, అక్కడ కరెంటు ఉంది కదా సార్ అని. ఆంధ్రలో వ్యవసాయం లైనుకి ఇచ్చేది పగలు తొమ్మిది గంటల త్రీఫేస్, అది పోయాక గేట్‌వే కూడా పండుకుంటుంది, రాత్రంతా నోడ్లు పంపినవన్నీ గాలికి పోతాయి. పల్లెలో మా మిద్దె మీద పెట్టించాం, ఇంటి లైను, వైఫై రౌటర్లకి పెట్టుకునే చిన్న బ్యాకప్ ఒకటి. అక్కడి నుంచి తోట కింది మడికి కిలోమీటరు కంటే కాస్త తక్కువ.

ఒక్క నోడే పోతే అప్పుడు పని నోడ్ దగ్గర. దీనికి నేను చూసినవాటిలో బెస్ట్ పద్ధతి ఏంటంటే దాన్ని పీకి ఇంటికి తెచ్చేయడం. గేట్‌వే ఉన్న మిద్దె కింద వాకిట్లో పెట్టండి, మరీ యాంటెన్నాకి ఆనించి పెట్టొద్దు, అంత దగ్గరైతే సిగ్నల్ మరీ గట్టిగా తగిలి గేట్‌వే చెవులు మూసుకుపోతాయి, అప్పుడు వచ్చేది కూడా సరిగ్గా రాదు, ఒక పది పదిహేను మీటర్లు ఎడం ఉండాలి. వాకిట్లో కలిసిపోయిందా, ఐతే నోడ్ బాగానే ఉంది, దారిలో ఏదో అడ్డం ఉంది. వాకిట్లో కూడా కలవలేదా, ఐతే యాంటెన్నా, బ్యాటరీ, రహస్య కీలు (పాస్‌వర్డ్ లాంటివి), ఫ్రీక్వెన్సీ, ఈ నాలుగిట్లో ఒకటి. ఈ ఒక్క పరీక్షతో సగం గోల తేలిపోతుంది, సపోర్ట్ వాళ్ళు మాత్రం దీన్ని ఒక్కసారి కూడా చెప్పలేదు.

మా మూడో నోడ్ వాకిట్లో కూడా కలవలేదు. ఉడతలు కేబుల్ కొరికిన నోడ్ ఇదే, దీన్ని కంపెనీ మార్చి ఇచ్చింది, కొత్తది డబ్బాలోంచి తీసి ఆన్ చేస్తే చిన్న ఎల్ఈడీ ఠంచనుగా మెరుస్తోంది, అంటే అది పంపిస్తోంది, కానీ గేట్‌వే దాన్ని అసలు వినట్లేదు. కీలు తప్పు ఏమో అనుకున్నాం, లోరావాన్‌లో, అంటే లోరా నోడ్లు నెట్‌వర్క్‌తో మాట్లాడే పద్ధతిలో, ప్రతి నోడ్‌కి ఒక ఐడీ, ఒక రహస్య కీ ఉంటాయి, సర్వర్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా రానివ్వదు, కొన్ని చోట్ల ఐడీని వెనక నుంచి ముందుకి తిప్పి టైపు చెయ్యాల్సి వస్తుంది, అక్కడ చాలామంది దెబ్బతింటారు. కానీ కీలు తప్పైతే కనీసం గేట్‌వే దాకా సిగ్నల్ వచ్చినట్టు గేట్‌వే లాగ్‌లో, అంటే అది విన్నవాటి చిట్టాలో, కనపడాలి. ఇక్కడ లాగ్ ఖాళీ. మిగతా మూడు నోడ్లవి వస్తున్నాయి, దీనిది ఒక్క లైను లేదు.

చివరికి బెంగళూరులో నా ఫ్రెండ్ ఒకడు, వాడికి రేడియో పిచ్చి, యూఎస్‌బీకి గుచ్చే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ ముక్క పట్టుకుని ఊరికి వచ్చాడు. దాన్ని లాప్‌టాప్‌కి పెడితే గాల్లో ఏ ఫ్రీక్వెన్సీ మీద ఏం పోతోందో తెర మీద పైనుంచి కిందకి జారుతూ కనిపిస్తుంది. మంచి నోడ్ ఆన్ చేశాడు, 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఏటవాలు గీతలు వరసగా పడ్డాయి, లోరా సిగ్నల్ అలా ఏటవాలుగానే ఉంటుంది, కింద నుంచి పైకి పాకుతుంది. మూడో నోడ్ ఆన్ చేశాడు, 865 దగ్గర ఏం లేదు. స్క్రీన్‌ని కొంచెం పక్కకి జరిపాడు, 868.1 మీద గీతలు, తర్వాత 868.3, తర్వాత 868.5. అంటే యూరప్ చానెళ్ళు! మనకి ఇవ్వాల్సినవి 865.0625, 865.4025, 865.985. యూరప్ సెట్టింగ్ వేసిన నోడ్‌ని మాకు అంటగట్టారు, అది పాపం రోజంతా అరుస్తూనే ఉంది, మా గేట్‌వే ఆ పక్కకి చెవి పెట్టనే పెట్టదు. పైగా 868 దాటాక మన దగ్గర లైసెన్స్ మినహాయింపు కూడా లేదు. కంపెనీకి ఆ స్క్రీన్ ఫొటో పంపితే అప్పుడు "సార్, ఎక్స్‌పోర్ట్ బ్యాచ్ కలిసిపోయింది" అన్నారు. అప్పటిదాకా "మీ దగ్గర నెట్‌వర్క్ వీక్ సార్" అన్నది కూడా వాళ్ళే.

బ్యాటరీ తీసి పెట్టడం గురించి చెప్తానన్నా కదా. నోడ్ మొదటిసారి నెట్‌వర్క్‌లో కలిసేటప్పుడు ఒక జాయిన్ రిక్వెస్ట్ పంపుతుంది, అందులో ఒక నంబరు ఉంటుంది, డెవ్ నాన్స్ అంటారు. లోరావాన్ 1.0.4 నుంచి ఈ నంబరు ప్రతిసారీ పెరుగుతూ పోవాలి, నోడ్ దాన్ని కరెంటు పోయినా చెరగని మెమరీలో రాసుకోవాలి. వేరే ఎవడైనా పాత రిక్వెస్ట్‌ని రికార్డు చేసి మళ్ళీ వదలకుండా ఉండటానికి ఈ జాగ్రత్త. ఈ కంపెనీ ఫర్మ్‌వేర్, అంటే నోడ్ లోపలి సాఫ్ట్‌వేర్, ఆ నంబరు రాసుకోదు. బ్యాటరీ తీయగానే మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలెడుతుంది, సర్వర్ చూసి ఇది పాత నంబరే కదా అని చప్పుడు చెయ్యకుండా పక్కన పడేస్తుంది. అంటే బ్యాటరీ తీసి పెట్టండి సార్ అన్న ప్రతిసారీ బాగున్న నోడ్‌ని కూడా బయటకి నెట్టేస్తున్నాం అన్నమాట. నాన్న ఆ ఎండలో స్క్రూలు విప్పిన రోజు తర్వాత రెండో నోడ్‌కి జరిగింది ఇదే, సిమ్ రీఛార్జ్ అయ్యాక మిగతావి ఎలాగోలా నంబరు దాటించుకుని లోపలికి వచ్చేశాయి, ఇది మాత్రం బయటే ఉండిపోయింది. గేట్‌వే లాగ్‌లో దాని రిక్వెస్టులు శుభ్రంగా కనిపిస్తున్నాయి, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది, జవాబు మాత్రం రాదు. దీనికి తోటలో చేసేది ఏమీ లేదు, సర్వర్ వైపు ఆ నోడ్ పాత నాన్సుల చిట్టా తుడిచెయ్యాలి, చిర్ప్‌స్టాక్ లాంటి సర్వర్లలో దానికి బటనే ఉంటుంది. సపోర్ట్‌లో పైన ఉన్న ఇంజనీర్ అమ్మాయి లైన్లోకి వచ్చి నిమిషంలో చేసేసింది. ఆమెకి నా తరఫున ఐదు స్టార్లు, నిజంగా.

జాయిన్‌లో ఇంకో చిక్కు, నోడ్ అడిగాక ఎప్పుడూ వింటూ కూర్చోదు, బ్యాటరీ మిగలాలి కదా. సరిగ్గా ఐదు సెకన్లకి ఒకసారి చెవి తెరుస్తుంది, దొరక్కపోతే ఆరో సెకనుకి ఇంకోసారి, వేరే ఫ్రీక్వెన్సీ మీద, మన ఇండియా ప్లాన్‌లో అది 866.550. ఈలోపు సర్వర్ జవాబు గేట్‌వేకి రాకపోతే అంతే సంగతులు. పల్లెలో సాయంత్రం పూట అందరూ వీడియోలు చూసే టైంలో 4జీ ఈడుస్తుంటుంది, అప్పుడు జాయిన్ చెయ్యడానికి ప్రయత్నించి లాభం లేదు, పొద్దున్నే చెయ్యండి.

నాలుగో నోడ్, కింది మడిలోది, ఇది వేరే కథ. ఎండాకాలంలో పెట్టినప్పుడు చక్కగా పనిచేసింది, వానలు పడి చెట్లు చిగురించాక ఒకరోజు ఉంటే రెండు రోజులు ఉండదు. వాకిట్లోకి తెస్తే హాయిగా కలిసిపోతుంది. కారణం ఆకులే, తడిసిన ఆకు రేడియోని బాగా మింగేస్తుంది, పైగా నోడ్‌ని డ్రిప్పు లేటరల్ పక్కన మోకాలెత్తు కర్రకి కట్టి వెళ్ళాడు బిగించినాయన. ఎదురుగా మిద్దె కనిపిస్తే చాలు అనుకుంటాం కానీ చాలదు, ఈ ఫ్రీక్వెన్సీలో కిలోమీటరు దూరానికి మధ్యలో దాదాపు తొమ్మిది మీటర్ల వ్యాసార్థంలో గుమ్మడికాయలా ఉబ్బిన, సిగ్నల్ పోయే జాగా ఉంటుంది, అందులో కనీసం సగం పైన ఖాళీగా ఉండాలి. మోకాలెత్తులో పెడితే ఆ జాగా అంతా చెట్లూ నేలే.

ఇంజనీర్ అమ్మాయిని అడిగితే ఇన్‌స్టాలర్ స్క్రీన్ అని ఒకటి ఓపెన్ చేసి ఇచ్చింది, మామూలు కస్టమర్లకి అది కనపడదంట, ఎందుకు దాచారో ఆ దేవుడికే తెలియాలి. అందులో రెండు నంబర్లు చూడండి, ఆర్ఎస్ఎస్ఐ, ఎస్ఎన్ఆర్. మొదటిది సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో, రెండోది చుట్టూ ఉన్న హోరు కంటే ఎంత పైన ఉందో. లోరా గొప్పేంటంటే హోరు కంటే కింద ఉన్నా వినగలదు, కానీ దానికీ హద్దుంది, ఎస్ఎఫ్ అంటే ఎంత నిదానంగా పంపాలో చెప్పే మెట్టు, వేగంగా పంపే ఎస్ఎఫ్7 లో ఎస్ఎన్ఆర్ మైనస్ 7.5 దాకా, అన్నిటికంటే నిదానమైన ఎస్ఎఫ్12 లో మైనస్ 20 దాకా. మా నాలుగో నోడ్ ఆర్ఎస్ఎస్ఐ మైనస్ 121, ఎస్ఎన్ఆర్ మైనస్ 17, అంటే అంచు మీద వేలాడుతోంది, ఒక వాన పడితే చాలు జారిపోవడానికి. పాత డ్రిప్పు పనులకి తెచ్చిన జీఐ పైపు ఒకటి పాతి నోడ్‌ని చెట్ల తలల పైకి లేపాం, యాంటెన్నా నిట్టనిలువుగా ఉండేట్టు, పైపుకి ఆనకుండా ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి. అలాగే మిద్దె మీద గేట్‌వే యాంటెన్నా సింటెక్స్ ట్యాంకు వెనక, పిల్లర్ల కోసం వదిలేసిన కమ్మీల మధ్యలో ఇరుక్కుని ఉంది, దాన్ని పైకి తీసి బయటకి పెట్టాం. ఆర్ఎస్ఎస్ఐ మైనస్ 108 కి, ఎస్ఎన్ఆర్ మైనస్ 3 కి మెరుగయ్యాయి. సెన్సార్ వైరు పొడవు చాలదేమో అని భయపడ్డాం, సరిపోయింది, అయిదు మీటర్లు ఇచ్చారు, అక్కడ కంపెనీని మెచ్చుకోవాలి.

ఎండాకాలంలో పనిచేసి వానాకాలంలో ఆగడానికి సగం కారణం ఇంకోటి ఉంది. సిగ్నల్ బాగుంటే సర్వర్ నోడ్‌కి ఇంత నిదానంగా అరవక్కర్లేదు, వేగంగా చెప్పేసి పడుకో అంటుంది, దాన్ని ఏడీఆర్ అంటారు, బ్యాటరీకి చాలా మంచిది, ఎందుకంటే ఒక చిన్న మెసేజ్ ఎస్ఎఫ్7 లో ఓ 60 మిల్లీసెకన్లలో అయిపోతే ఎస్ఎఫ్12 లో అదే మెసేజ్‌కి ఒకటిన్నర సెకను పడుతుంది. కానీ తర్వాత సిగ్నల్ పడిపోతే నోడ్ వెంటనే గొంతు పెంచదు. 64 మెసేజ్‌లు పంపి ఒక్క జవాబూ రాకపోతే అప్పుడు అనుమానపడి ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది, ఇంకో 32 చూసి అప్పుడు ఒక మెట్టు దిగుతుంది. గంటకొకటి పంపే నోడ్‌కి 96 మెసేజ్‌లంటే నాలుగు రోజులు! ఆ మెట్టు చాలకపోతే ఇంకో 32 గంటలు. అంటే అది చెడిపోలేదు, తన పద్ధతిలో తాను కిందకి దిగొస్తోంది, మనం ఈలోపు కంగారుపడి బ్యాటరీ పీకి పై కథలో చెప్పిన గోతిలో పడతాం. కింది మడి నోడ్‌కి ఏడీఆర్ ఆపేసి ఎస్ఎఫ్10 మీద ఉంచమన్నాం, బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది, తిననీ.

యాంటెన్నా గురించి ఒక్క మాట. 866 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అంటే దాదాపు 8.7 సెంటీమీటర్లు, 433 మెగాహెర్ట్జ్ రేడియోల యాంటెన్నాకి ఐతే దానికి రెట్టింపు, 17 పైన. చూడ్డానికి రెండూ నల్ల కర్రలే, బిగింపు కూడా ఒకటే, ఆన్‌లైన్‌లో స్పేర్ కొనేటప్పుడు తప్పుది వస్తే సిగ్నల్ సగానికి సగం కూడా బయటకి వెళ్ళదు. పిన్ను ఉండే రకం, రంధ్రం ఉండే రకం అని రెండు వస్తాయి, మరలు పట్టినా లోపల పిన్ను తగలకపోతే యాంటెన్నా లేనట్టే, లోపలికి తొంగి చూసి బిగించండి.

స్టార్లు: సెన్సార్ నాలుగు, డబ్బా నాలుగు, గేట్‌వే మూడు, యాప్ ఒకటి, సపోర్ట్ మొదటి లైను ఒకటి. ఊర్లో ఎవరూ లాప్‌టాప్ పట్టుకోని ఇంట్లో ఐతే ప్రస్తుతానికి వద్దనే చెప్తా. కొనేట్టైతే డబ్బులు కట్టకముందే ఇన్‌స్టాలర్ స్క్రీన్ మాకూ ఓపెన్ చెయ్యాలి, సిమ్ మా పేరు మీద ఉండాలి, నోడ్లు ఇండియా 865 సెట్టింగ్‌లో ఉన్నాయని బిల్లు మీద రాయాలి అని అడగండి, మా పక్క తోట వాళ్ళు ఇలా అడిగితే మూడిటికీ ఒప్పుకున్నారంట, అంటే అడిగితే ఇస్తారు.

బ్యాటరీ మాత్రం ముందే ఒకటి స్పేర్ కొని పెట్టుకోండి. ఇందులో వేసేది 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్లు, మండలంలో కిరాణా కొట్లో దొరకదు, అనంతపురంలో కూడా తిరగాల్సి వచ్చింది. చాన్నాళ్ళు షెల్ఫులో ఉన్న సెల్లు ఐతే లోపల ఒక పొర పట్టి ఉంటుంది, మీటర్ పెడితే 3.6 చూపిస్తుంది, నోడ్ గట్టిగా పంపబోయేసరికి వోల్టేజీ జారి రీసెట్ అవుతుంది, ఎల్ఈడీ మెరుస్తూ ఆరుతూ ఉంటే అదే. అరగంట అలా వదిలేస్తే కొన్నిసార్లు తానే సర్దుకుంటుంది. అంతేగానీ గోడ గడియారం సెల్లులు రెండు కలిపి టేపు చుట్టి పెట్టొద్దు, మా ఊర్లో ఒకాయన ఆ ప్రయత్నం కూడా చేశాడు.